సంఖ్య చెప్పేది, చెప్పనిది: ప్రీఎక్లాంప్సియా, ప్లేట్‌లెట్లు, ఐర్లండ్ అనుభవం

డెంగీ జ్వరాలు ప్రబలే ప్రతి వానాకాలమూ తెలుగునాట ఒక మాట మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది: ప్లేట్‌లెట్లు పడిపోయాయి. రక్తఫలకికలు అని పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు పుస్తకాల్లోనే ఉండిపోయింది. ఇంగ్లీషు మాట మాత్రం బొప్పాయాకు రసాన్ని వెంటబెట్టుకొని ప్రతి ఇంటికీ చేరింది. పొద్దున 40,000, సాయంత్రానికి 32,000 అని బంధువులు ఫోన్లలో చెప్పుకునే ఆ సంఖ్యే రోగి ప్రాణానికి కొలబద్ద అయిపోయింది. సంఖ్య పడిపోతే భయం, పెరిగితే ఊరట. ఆ కణం ఎందుకు తగ్గింది, ఎంత వేగంగా తగ్గుతోంది, ఉన్న కణాలు ఏ స్థితిలో ఉన్నాయి అన్న ప్రశ్నలకు అక్కడ చోటు తక్కువ.

ఇదే కణానికి, ఇదే సంఖ్యకు ప్రసూతి గదిలో మరో చరిత్ర ఉంది. గర్భిణికి రక్తపోటు పెరిగి మూత్రపిండాలు, కాలేయం, మెదడు దెబ్బతినే జబ్బు ప్రీఎక్లాంప్సియా. అది ముదిరి మూర్ఛలు వస్తే తెలుగు పల్లెల్లో గుర్రపువాతం అనేవారు. ఈ జబ్బులో తల్లి ప్లేట్‌లెట్లూ తగ్గవచ్చు, పుట్టిన బిడ్డ ప్లేట్‌లెట్లూ తగ్గవచ్చు. దీనిమీద కొన్నేళ్ళుగా గట్టి పరిశోధన చేస్తున్న దేశాల్లో ఐర్లండ్ ఒకటి. ఏటా 50,000 నుంచి 60,000 దాకా కాన్పులు, 19 ప్రసూతి కేంద్రాలు ఉన్న చిన్న దేశమది. కాన్పు సురక్షితంగా జరిగే దేశాల్లో ఒకటిగా పేరుపడ్డ ఆ గడ్డమీదే ప్లేట్‌లెట్లు పడిపోయిన తల్లులు చనిపోయారు కూడా.

ఆ దేశపు పరిశోధన పత్రాలనూ, మరణ విచారణలలో వెల్లడైన సంగతులనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక వైరుధ్యం కనిపిస్తుంది. ప్రయోగశాలలు ప్లేట్‌లెట్‌ను లోతుగా చదవడం నేర్చుకుంటున్న రోజుల్లోనే, సాధారణ రక్తపరీక్ష కాగితం సమయానికి చూడవలసిన కంటికి చేరలేదు. ఇంకొక వైపు, తల్లి రక్తంలో ఆ సంఖ్యకు ఉన్న అర్థం బిడ్డ రక్తంలో ఉండదన్న సంగతి వైద్యంలోనూ ఆలస్యంగానే ఇంకింది. ఈ రెండు విషయాలనూ కలిపి చూసినప్పుడే ఐరిష్ పరిశోధన బలమూ, వెలితీ తూకానికి వస్తాయి.

తల్లి రక్తంలో జరిగేది

ప్లేట్‌లెట్ నిజానికి పూర్తి కణం కాదు. ఎముక మూలుగలో ఉండే మెగాకేరియోసైట్ అనే భారీ కణం నుంచి తెగిపడిన తునక. వ్యాసం రెండు మూడు మైక్రాన్లు, కేంద్రకం ఉండదు, ఆయువు 7 నుంచి 10 రోజులు. ఆరోగ్యవంతుల రక్తంలో మైక్రోలీటరుకు సుమారు 1,50,000 నుంచి 4,00,000 దాకా ఉంటాయి. రక్తనాళం చిరిగినచోట అతుక్కొని మాసిక వేయడం దాని ప్రధాన వృత్తి. అయితే తనలోపల దాచుకున్న వందలాది మాంసకృత్తులను అవసరమైనచోట విడిచిపెట్టడం కూడా దాని పనే. ఈ రెండో పని చాలాకాలం పరిశోధకుల దృష్టిని అంతగా ఆకర్షించలేదు.

గర్భం దాల్చినప్పుడు ప్లేట్‌లెట్ల సంఖ్య సహజంగానే కొంత తగ్గుతుంది. అమెరికాలోని ఓక్లహోమాలో 7,351 మంది బాలింతల రికార్డులను పరిశీలించి 2018లో వెలువరించిన అధ్యయనంలో, ఏ చిక్కూ లేని గర్భిణుల్లో 9.9 శాతం మందికి కాన్పు వేళకు లెక్క 1,50,000 కంటే తక్కువగా ఉంది. 1,00,000 కంటే తక్కువ ఉన్నవారు 1 శాతం మాత్రమే. అంటే 1,40,000 అన్న అంకె ఒక తల్లిలో నిరపాయకరమైన మార్పు కావచ్చు, మరొక తల్లిలో ముంచుకొస్తున్న ప్రమాదానికి తొలి జాడ కావచ్చు. అంకె ఒక్కటే ఆ తేడా చెప్పదు. వైద్యసంఘాలు కూడా దీనిపై ఏకాభిప్రాయానికి రాలేదు. ప్రీఎక్లాంప్సియాను నిర్ధారించేటప్పుడు అమెరికా ప్రసూతి వైద్యుల కళాశాల 1,00,000 దగ్గర గీత గీస్తే, గర్భకాల రక్తపోటుపై పనిచేసే అంతర్జాతీయ సంఘం 2018 సిఫార్సుల్లో 1,50,000 దగ్గర గీసింది. గీత మారితే కొందరు తల్లులు రాత్రికి రాత్రి రోగులవుతారు, మరికొందరు రోగుల జాబితాలోంచి తప్పుకుంటారు. వారి రక్తం మాత్రం మారదు.

జబ్బుకు మూలం మాయలో ఉంది. తొలి నెలల్లో మాయ కణాలు గర్భాశయపు ధమనుల్లోకి చొచ్చుకుపోయి వాటిని వెడల్పు చేయాలి. అది సరిగా జరగకపోతే మాయకు రక్తం చాలదు. ప్రాణవాయువు కోసం అలమటించే మాయ కొన్ని పదార్థాలను తల్లి రక్తంలోకి వదులుతుంది. వాటిలో ముఖ్యమైనది ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే మాంసకృత్తి. దాని పాత్రను భారతీయ మూలాలున్న శాస్త్రవేత్త అనంత్ కరుమంచి బృందం 2003లో బయటపెట్టింది. రక్తనాళాల లోపలి పొరను ఆరోగ్యంగా ఉంచే పోషక సంకేతాలను ఈ మాంసకృత్తి అడ్డగిస్తుంది. ఆ పొర నునుపు కోల్పోతే ప్లేట్‌లెట్లు గాయమే లేనిచోట గాయాన్ని చూస్తాయి. అతుక్కుంటాయి, ఉత్తేజితమవుతాయి, ఖర్చయిపోతాయి.

ఖర్చయినవాటి స్థానాన్ని భర్తీ చేయడానికి మూలుగ కొత్తవాటిని త్వరత్వరగా తయారుచేసి పంపుతుంది. కొత్తవి పరిమాణంలో పెద్దవి. కాబట్టి కొంతకాలం సంఖ్య మామూలుగానే కనిపించినా, రక్తంలో తిరిగే ప్లేట్‌లెట్ల వయసు తగ్గి సగటు పరిమాణం పెరుగుతుంది. నెలాఖరున మిగిలిన డబ్బు చూసి ఆ నెల రాబడెంతో, ఖర్చెంతో చెప్పలేము. ప్లేట్‌లెట్ల లెక్క కూడా అలాంటి నిల్వే. నిల్వ పడిపోవడం మొదలయ్యేనాటికి ఖర్చు రాబడిని దాటి కొంతకాలం అయి ఉంటుంది.

ప్లేట్‌లెట్ ఈ జబ్బులో బాధితురాలు మాత్రమేనా, భాగస్వామి కూడానా అన్నది పాత ప్రశ్న. దానికి తొలి ఆధారం ఆస్పిరిన్ ఇచ్చింది. ప్లేట్‌లెట్లు థ్రాంబాక్సేన్ తయారుచేయకుండా ఆపే ఆ మందు ప్రీఎక్లాంప్సియాను నివారించవచ్చని 1985లో పారిస్ వైద్యులు ఒక చిన్న అధ్యయనంలో చూపించారు. 1994లో 9,364 మందితో జరిగిన క్లాస్ప్ పరీక్షలో రోజుకు 60 మిల్లీగ్రాముల మోతాదు ఆ ఆశను దాదాపు ఆర్పేసింది. 2017లో ఆస్ప్రే పరీక్ష మోతాదును 150 మిల్లీగ్రాములకు పెంచి, ప్రమాదం ఎక్కువగా ఉన్న తల్లులను ఎంచుకొని, మూడో నెల చివరలోనే మొదలుపెట్టి, నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియాను 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గించింది. 2016లో జర్మనీ పరిశోధకులు ఎలుకల్లో ఇంకో అడుగు ముందుకేసి, ఉత్తేజితమైన ప్లేట్‌లెట్లు మాయ కణాల్లోనే వాపును రగిలించగలవని చూపారు. అప్పటికి ప్లేట్‌లెట్ బాధితురాలి స్థానం నుంచి పాత్రధారి స్థానానికి చేరింది.

స్లైగోలో జరిగింది

ఈ జబ్బు తీవ్రరూపాల్లో ఒకదానికి 1982లో లూయీ వైన్‌స్టీన్ అనే అమెరికా వైద్యుడు హెల్ప్ సిండ్రోమ్ అని పేరుపెట్టాడు. ఎర్రకణాలు చితికిపోవడం, కాలేయపు ఎంజైములు పెరగడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం అనే మూడు లక్షణాల ఇంగ్లీషు మొదటి అక్షరాల కూర్పు ఆ పేరు. దీన్ని గుర్తించడానికి ప్రత్యేకమైన పరీక్ష ఏదీ అక్కరలేదు. మండల కేంద్రంలో ఉండే చిన్న ప్రయోగశాల కూడా చేయగల రక్తపరీక్షలు చాలు. అయితే గమనం వేగంగా ఉంటుంది. పొద్దున 1,20,000 ఉన్న లెక్క మర్నాటికి 50,000 కావచ్చు. కాన్పు అయిపోతే గండం గడిచినట్టు కాదు. సంఖ్య సాధారణంగా కాన్పు తరవాత 24 నుంచి 48 గంటల మధ్య అట్టడుగుకు చేరుతుంది. కొందరిలో జబ్బు బయటపడడమే కాన్పు తరవాత జరుగుతుంది. రక్తపోటు అంతగా పెరగకుండానే వచ్చే సందర్భాలూ ఉన్నాయి. కడుపు పైభాగంలో కుడివైపు నొప్పి, వాంతులు వస్తే అజీర్తిగా పొరబడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

2010 సెప్టెంబరులో ఐర్లండ్ వాయవ్య తీరంలోని స్లైగో పట్టణపు ఆస్పత్రిలో భారతదేశంలో పుట్టిన ధారా కివ్లెహాన్ అనే 29 ఏళ్ళ మహిళ కాన్పు కోసం చేరారు. సిజేరియన్ ద్వారా మగబిడ్డ పుట్టాడు. ఆమె పరిస్థితి విషమించడంతో సరిహద్దుకు అవతల, ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ నగరానికి తరలించారు. సెప్టెంబరు 28న అక్కడ ఆమె మరణించారు. కారణం హెల్ప్ సిండ్రోమ్, దాని వల్ల వరుసగా అవయవాలు విఫలం కావడం. 2014లో జరిగిన మరణ విచారణలో జ్యూరీ వెలువరించిన నిర్ణయం మెడికల్ మిస్‌అడ్వెంచర్, అంటే వైద్యక్రమంలో తలెత్తిన అనర్థం. అది ఎవరి మీదా నేరం మోపే తీర్పు కాదు. జరిగినదాన్ని బహిరంగంగా నమోదు చేసే ప్రకటన.

ఆ విచారణలో అన్నిటికంటే గమనించదగ్గ సంగతి ఒకటుంది. ఆస్పత్రిలో చేరిన రోజు తీసిన రక్తంలో అసాధారణ ఫలితాలు కనిపించినా, అవి చికిత్స చేసే బృందం దృష్టికి రావడానికి దాదాపు 12 గంటలు పట్టింది. పరీక్ష జరిగింది, యంత్రం సరిగానే పనిచేసింది, సంఖ్య నమోదయింది. చదవవలసిన కన్ను దాని దగ్గరికి ఆలస్యంగా వెళ్ళింది.

ఇది ఒక్క ఊరికి, ఒక్క జబ్బుకు పరిమితమైన లోపమని తోసిపుచ్చడానికి వీలులేదు. 2012 అక్టోబరులో గాల్వేలో మరణించిన కర్ణాటక మహిళ సవితా హలప్పనవర్ విషయంలో కారణం వేరు, రక్తంలో విషక్రిమి వ్యాపించడం. ఆమె మరణం ఐర్లండ్ గర్భస్రావ చట్టాల చరిత్రనే మలుపు తిప్పింది. ఆ చర్చ హోరులో మరుగున పడిన చిన్న సంగతి, ఆమె చేరిన రోజు తీసిన రక్తంలో తెల్లకణాలు పెరిగినట్టు వచ్చిన ఫలితం మీద వెంటనే చర్య జరగకపోవడం. రెండు మరణాలలో జబ్బులు వేరు, కణాలు వేరు. ఫలితానికీ నిర్ణయానికీ మధ్య ఏర్పడిన ఖాళీ మాత్రం ఒక్కటే.

ఐర్లండ్ దీనికి కొంత సమాధానం వెతికింది. గర్భిణుల నాడి, రక్తపోటు, శ్వాస వంటివాటిని ఒకే పట్టికలో రంగులతో నమోదుచేసి ప్రమాదాన్ని ముందే పట్టుకునే హెచ్చరిక పద్ధతిని 2013లో దేశమంతటా ప్రవేశపెట్టింది. ప్రసూతి మరణాలన్నిటికీ బహిరంగ విచారణను తప్పనిసరి చేస్తూ 2019లో చట్టం తెచ్చింది. ఆ చట్టం వెనక కుటుంబాల, మంత్రసానుల సుదీర్ఘమైన ఒత్తిడి ఉంది. మాతృమరణాలపై కార్క్ నగరం కేంద్రంగా పనిచేసే విచారణ సంస్థ తొలి నివేదికల్లో, మొత్తం కాన్పుల్లో ఉన్న వాటా కంటే మరణాల్లో విదేశాల్లో పుట్టిన మహిళల వాటా ఎక్కువగా కనిపించింది. డబ్లిన్, కార్క్, గాల్వే నగరాల్లో కాపురాలు పెట్టిన తెలుగు కుటుంబాలకు ఈ వాక్యం దూరపు వార్త కాదు. పుట్టింటివారు పక్కన లేని చోట, తన ఇబ్బందిని పరాయి భాషలో చెప్పుకోవలసిన గర్భిణి బదులు ఆమె రక్తపరీక్ష మాట్లాడాలి. ఆ పరీక్షను వినేవారు కావాలి.

డబ్లిన్ ప్రయోగశాల చదివిన ప్లేట్‌లెట్

ఇదే కాలంలో యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో పాట్రీషియా మగ్వైర్, ఫినూలా నీ ఆనియ తదితరుల బృందం ప్లేట్‌లెట్‌ను లెక్కించడం దగ్గర ఆగకుండా, అది విడిచే స్రావాన్ని పరిశీలించడం మొదలుపెట్టింది. ఉత్తేజితమైన ప్లేట్‌లెట్ బయటికి వదిలే మాంసకృత్తుల, సూక్ష్మమైన బుడగల సముదాయం అది. ఈ బృందం 2019లో ప్రచురించిన పత్రం పైకి నిరాడంబరంగా కనిపిస్తుంది: ఏ జబ్బూ లేని గర్భంలో కూడా ఈ స్రావపు కూర్పు మారుతుంది. దీని ప్రాముఖ్యం పద్ధతికి సంబంధించినది. ఆరోగ్యకరమైన గర్భమే ప్లేట్‌లెట్‌ను మారుస్తున్నప్పుడు, ప్రీఎక్లాంప్సియా ఉన్న తల్లిని గర్భం లేని స్త్రీతో పోల్చి తేల్చిన ఫలితాలన్నీ అనుమానాస్పదమవుతాయి. ముందు సరైన పోలిక ఏదో నిర్ణయించుకొని, ఆ తరవాతే జబ్బు జాడలు వెతకడం ఈ బృందపు పనిలో మెచ్చదగిన క్రమశిక్షణ.

ఆ దారిలోనే రూపుదిద్దుకున్నది ఏఐ ప్రీమీ అనే ప్రణాళిక. ప్లేట్‌లెట్లకు సంబంధించిన సూచకాలను, తల్లి వైద్య వివరాలను కలిపి యంత్రమేధతో విశ్లేషించి, ఎవరికి ప్రమాదం ముంచుకొస్తోంది, ఎవరు ఇంకొన్నాళ్ళు ఆగవచ్చు అన్నది చెప్పడం దాని ఆశయం. డబ్లిన్‌లోని మూడు పెద్ద ప్రసూతి ఆస్పత్రులు రొటుండా, కూమ్, నేషనల్ మెటర్నిటీ హాస్పిటల్ ఇందులో పాలుపంచుకున్నాయి. 1745లో మొదలైన రొటుండాతో సహా డబ్లిన్ ప్రసూతి ఆస్పత్రులకు తమ కాన్పుల లెక్కలను ఏటా బహిరంగంగా ప్రచురించే పాత అలవాటుంది. కొత్త ప్రణాళిక ఆ సంప్రదాయానికి వారసత్వంగానే వచ్చిందని చెప్పవచ్చు.

ఆశయం మంచిది. ప్రీఎక్లాంప్సియాకు మాయ బయటపడడం తప్ప మూలానికి చికిత్స లేదు. ముందుగా కాన్పు చేస్తే తల్లి గట్టెక్కుతుంది, బిడ్డ నెలలు నిండకుండా పుడుతుంది. ఆలస్యం చేస్తే బిడ్డ ఎదుగుతుంది, తల్లి ప్రమాదంలో పడుతుంది. ఈ బేరీజులో ఒక్క వారం ఆగవచ్చని నమ్మకంగా చెప్పగల పరీక్ష దొరికినా అది పెద్ద మేలే.

అయితే ఇక్కడ అడగవలసిన ప్రశ్నలున్నాయి. ప్లేట్‌లెట్ సున్నితమైన కణం. సూది గుచ్చిన తీరు, గొట్టంలో కలిపిన మందు, రక్తం ప్రయోగశాలకు చేరేలోగా గడిచిన సమయం, ఇవన్నీ దాన్ని ఉత్తేజపరుస్తాయి. ఆస్పత్రి పక్కనే ప్రయోగశాల ఉన్న డబ్లిన్‌లో కుదిరిన కొలత, వందల కిలోమీటర్ల దూరంలోని చిన్న ఊళ్ళో కుదురుతుందా? మూడు ఆస్పత్రుల తల్లుల మీద నేర్చుకున్న యంత్రం, వేరే నేపథ్యాల నుంచి వచ్చిన తల్లుల విషయంలో అంతే నమ్మకంగా జవాబిస్తుందా? అన్నిటికీ మించి, ఆ జవాబు ఎవరి చేతికి, ఎన్ని గంటల్లో చేరుతుంది?

కొత్త పరీక్ష, పాత ఆలస్యం

చివరి ప్రశ్న ఊహాజనితమైనది కాదనడానికి రుజువు ఐర్లండ్‌లోనే దొరికింది. మాయ తయారుచేసే పీఎల్‌జీఎఫ్ అనే మాంసకృత్తిని తల్లి రక్తంలో కొలిచే పరీక్ష ప్రీఎక్లాంప్సియాను త్వరగా పట్టుకుంటుందని పేరుపొందింది. ఇంగ్లండ్‌లో 11 కేంద్రాల్లో జరిపి 2019లో ప్రచురించిన ప్యారట్ అధ్యయనంలో, ఈ పరీక్ష ఫలితం వైద్యులకు తెలిసినప్పుడు జబ్బు నిర్ధారణకు పట్టే కాలం 4.1 రోజుల నుంచి 1.9 రోజులకు తగ్గింది. తల్లుల్లో తీవ్రమైన చిక్కులు కూడా తగ్గాయి.

అదే పరీక్షను ఐర్లండ్‌లోని 7 ప్రసూతి ఆస్పత్రుల్లో అంచెలంచెలుగా ప్రవేశపెట్టి, 2,291 మంది తల్లుల ఫలితాలను విశ్లేషించి 2021లో ప్రకటించారు. తల్లుల అనారోగ్యంలోగాని, శిశువుల అనారోగ్యంలోగాని చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పరీక్ష అదే, జబ్బు అదే, పొరుగుదేశం. తేడాకు కారణాలు అనేకం ఉండవచ్చు: అధ్యయనాల నిర్మాణాలు వేరు, కొలిచిన ఫలితాలు వేరు, మామూలు చికిత్స స్థాయి వేరు. ఏదేమైనా ఒక మాట మిగులుతుంది. పరీక్ష గొప్పదనం గొట్టంలో ఉన్న రక్తం మీద రుజువైనంత మాత్రాన, మంచం మీద ఉన్న తల్లికి మేలు జరిగినట్టు కాదు. నడుమ ఒక వ్యవస్థ ఉంది. అనుకూలం కాని ఈ ఫలితాన్ని దాచకుండా ప్రకటించడం ఐరిష్ పరిశోధనకు గౌరవం. ప్లేట్‌లెట్ సూచకాలకు కూడా ఇలాంటి అగ్నిపరీక్ష జరగాలి. అది జరిగేదాకా వాటిని ఆశలుగానే లెక్కించాలి.

బిడ్డ రక్తం వేరే కథ

ప్రీఎక్లాంప్సియా ఉన్న తల్లికి పుట్టిన శిశువులో ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే, తల్లి లోపమే బొడ్డుతాడు గుండా బిడ్డకు సంక్రమించిందని అనుకోవడం సహజం. తల్లి శరీరం తన ప్లేట్‌లెట్లపై తానే ప్రతిరక్షకాలు తయారుచేసుకునే జబ్బులో నిజంగా అలా జరుగుతుంది. ఆ ప్రతిరక్షకాలు మాయను దాటి బిడ్డ కణాలనూ నాశనం చేయగలవు. ప్రీఎక్లాంప్సియాలో దారి వేరు. తల్లిలో ప్లేట్‌లెట్లు ఖర్చయిపోతాయి. బిడ్డలో సరిపడా తయారుకావు.

లండన్‌లో నీల్ మరే తదితరులు 1990లలో చేసిన పని ఈ తేడాను స్పష్టం చేసింది. మాయ నుంచి ప్రాణవాయువు చాలని పిండపు శరీరం ఎర్రకణాల ఉత్పత్తిని పెంచుతుంది. అదే సమయంలో మెగాకేరియోసైట్లు, వాటి మూలకణాలు తగ్గుతాయి. దుర్భిక్షంలో ఇంటి పెద్ద గింజలను ఎవరికి ముందు వడ్డించాలో నిర్ణయించుకున్నట్టుగా, పిండం ప్రాణవాయువును మోసే కణానికే పెద్దపీట వేస్తుంది. ఈ శిశువుల్లో కొన్నిసార్లు తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ కూడా తగ్గుతాయని 1989లోనే తెలిసింది. అంటే ఇది ఒక్క కణానికి వచ్చిన జబ్బు కాదు, మూలుగ చేసుకున్న సర్దుబాటు.

ఈ తగ్గుదలకు ఒక క్రమం ఉంది. పుట్టినప్పుడే గాని, 72 గంటల లోపు గాని కనిపిస్తుంది. నాలుగైదు రోజులకు అట్టడుగుకు చేరి, పది రోజుల లోపు చాలావరకు దానంతటదే కోలుకుంటుంది. 50,000 కంటే కిందికి పడడం అరుదు. మూడు రోజులు దాటిన తరవాత కొత్తగా ప్లేట్‌లెట్లు పడిపోతే మాత్రం తల్లి రక్తపోటు మీద నెపం వేయడం ప్రమాదకరం. రక్తంలో ఇన్‌ఫెక్షన్, పేగులు కుళ్ళే జబ్బు వంటివాటిని ముందు వెతకాలి. ఇక్కడ కూడా అంకె కంటే అది పడిన వేళ ఎక్కువ చెబుతుంది.

నవజాత శిశువు ప్లేట్‌లెట్లకు మరో విశేషముంది. సంఖ్య పెద్దవాళ్ళలో ఉన్నంతే ఉన్నా, ప్రేరేపిస్తే స్పందించే శక్తి తక్కువ. ఇది లోపంలా కనిపిస్తుంది గాని, శిశువు రక్తంలో ఎర్రకణాల సాంద్రత, ప్లేట్‌లెట్‌ను నాళానికి అతికించే వాన్ విలబ్రాండ్ కారకం శక్తి ఎక్కువ కాబట్టి త్రాసు సమంగానే నిలుస్తుంది. పెద్దవారి ప్లేట్‌లెట్లను తెచ్చి ఆ రక్తంలో కలిపితే త్రాసు ఒకవైపు మొగ్గవచ్చు.

ఈ ఆలోచనకు 2019లో గట్టి ఆధారం దొరికింది. బ్రిటన్, ఐర్లండ్, నెదర్లాండ్స్ దేశాల్లో 34 వారాలు నిండకుండా పుట్టిన 660 మంది శిశువులతో జరిగిన ప్లానెట్-2 పరీక్షలో, ఒక వర్గానికి లెక్క 50,000 కంటే తగ్గగానే ప్లేట్‌లెట్లు ఎక్కించారు. మరో వర్గానికి 25,000 కంటే తగ్గినప్పుడే ఎక్కించారు. 28 రోజుల లోపు మరణం గాని, పెద్ద రక్తస్రావం గాని మొదటి వర్గంలో 26 శాతం మందికి, రెండో వర్గంలో 19 శాతం మందికి సంభవించింది. రక్తస్రావాన్ని ఆపడానికి ఎక్కించిన ప్లేట్‌లెట్లే కీడు చేశాయి. ఆ శిశువులను రెండేళ్ళ వయసులో మళ్ళీ పరీక్షించినప్పుడు కూడా, ఉదారంగా ఎక్కించిన వర్గంలోనే మరణం, తీవ్రమైన ఎదుగుదల లోపం ఎక్కువగా కనిపించాయి. ఈ పరీక్ష నెలలు నిండని శిశువులందరికీ సంబంధించినది, ప్రీఎక్లాంప్సియా తల్లుల బిడ్డలకు ప్రత్యేకం కాదు. అయినా వారికి దీని పాఠం వర్తించకపోవడానికి కారణమేదీ లేదు. సంఖ్యను సరిచేయడమే చికిత్స అనుకునే అలవాటుకు ఇంతకంటే తీవ్రమైన మందలింపు ఉండదు.

సాహిత్యంలోని వెలితి

తల్లి, శిశువుల ప్లేట్‌లెట్లపై వచ్చిన పరిశోధనను మొత్తంగా చూస్తే మూడు బలహీనతలు కనిపిస్తాయి. మొదటిది పోలిక. ప్రీఎక్లాంప్సియా తల్లుల బిడ్డలు చాలామంది నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుడతారు. వారిని నెలలు నిండిన ఆరోగ్యవంతులైన శిశువులతో పోల్చి ప్లేట్‌లెట్లు తక్కువన్నప్పుడు, ఆ తగ్గుదలలో తల్లి జబ్బు వాటా ఎంత, నెలలు నిండకపోవడం వాటా ఎంత అన్నది తేలదు. అదే వారంలో, అంతే బరువుతో, రక్తపోటు లేని తల్లికి పుట్టిన శిశువుతో పోల్చాలి. అలాంటి పోలిక దొరకడం కష్టం కాబట్టి చాలా అధ్యయనాలు సులువైన దారి పట్టాయి.

రెండోది, ఒక్క క్షణపు కొలత. చేరినప్పుడు ఒకసారి, కాన్పు వేళ ఒకసారి తీసిన లెక్కలతో పత్రాలు నిండిపోయాయి. నిజానికి తల్లి ప్రమాదాన్ని చెప్పేది వాలు. 2,10,000 నుంచి ఆరు గంటల్లో 1,55,000కు దిగిన తల్లి ఏ గీతా దాటలేదు కాబట్టి ఏ పట్టికలోనూ రోగిగా నమోదు కాదు. మొదటినుంచీ 1,30,000 దగ్గర నిలకడగా ఉన్న తల్లి నమోదవుతుంది. ఎవరి పక్కన మెలకువగా కూర్చోవాలో అనుభవమున్న ఏ మంత్రసానీ తడుముకోదు, పట్టిక తడుముకుంటుంది.

మూడోది అన్నిటికంటే లోతైనది. తల్లి రక్తాన్ని ప్రసూతి పత్రికల్లోనూ, బిడ్డ రక్తాన్ని శిశువైద్య పత్రికల్లోనూ చదువుతారు. బొడ్డుతాడు కోసిన క్షణంలోనే వారి కాగితాలు రెండు వేర్వేరు సంచుల్లోకి వెళ్ళిపోతాయి. ఒకే మాయ నుంచి మొదలైన రెండు కథలను ఒకే చోట, ఒకే కాలరేఖ మీద రాసిన అధ్యయనాలు తక్కువ. ఐర్లండ్‌కు ఇక్కడ అరుదైన అవకాశముంది. డబ్లిన్‌లోని పెద్ద ప్రసూతి ఆస్పత్రుల్లో తల్లి వార్డు, శిశువుల ఇంటెన్సివ్ కేర్ ఒకే కప్పు కింద ఉన్నాయి; రొటుండాలో నెలలు నిండని శిశువుల ప్లేట్‌లెట్ల పనితీరుపై, తల్లుల ప్లేట్‌లెట్లపై పనిచేసేవారు ఒకే నగరంలో ఉన్నారు. యంత్రమేధకు తల్లి వివరాలతోపాటు బిడ్డ మొదటి పది రోజుల వివరాలనూ అందిస్తే, తల్లిని ఎప్పటిదాకా ఆపవచ్చన్న ప్రశ్నకు బిడ్డ వైపు నుంచి కూడా జవాబు దొరకవచ్చు.

తెలుగు రాష్ట్రాల ప్రసూతి వైద్యానికి ఈ చర్చలో పనికివచ్చేది యంత్రమేధ కంటే ముందు ఇంకొకటుంది. హెల్ప్ సిండ్రోమ్‌ను పట్టుకోవడానికి కావలసిన పరీక్షలు ఇక్కడ జిల్లా ఆస్పత్రుల్లోనూ దొరుకుతాయి. మూర్ఛను అరికట్టే మెగ్నీషియం సల్ఫేట్ చవకైన మందు. 10,141 మంది తల్లులతో జరిగిన మ్యాగ్‌పై పరీక్ష అది మూర్ఛల ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని 2002లోనే తేల్చింది. రక్తం తీసిన వేళ, ఫలితం వచ్చిన వేళ, దాన్ని చూసినవారి సంతకం, చూసిన వేళ, ఈ నాలుగూ కేస్‌షీటులో ఒకే వరుసలో ఉంటే, కిందటి లెక్క దాని పక్కనే కనిపిస్తుంటే, వాలు కంటికి కడుతుంది. కాన్పయిన మూడు రోజుల దాకా ఆ వరుస ఆగకూడదు. బిడ్డ పేరుతో మరో వరుస దాని కిందే మొదలుకావాలి.

ప్లేట్‌లెట్‌పై ఇక ముందు వచ్చే ప్రతి కొత్త పత్రాన్నీ, అది డబ్లిన్ నుంచి వచ్చినా హైదరాబాద్ నుంచి వచ్చినా, రెండు ప్రశ్నలు అడగవచ్చు. ఆ ఫలితం వైద్యుడి కంటపడడానికి ఎన్ని గంటలు పట్టింది? ఆ తల్లి బిడ్డకు తరవాత ఏమైందో అదే పత్రంలో రాశారా? వీటికి జవాబులున్న పత్రాలు పెరిగినప్పుడు, స్లైగోలో ఆ 12 గంటల ఆలస్యం నేర్పిన పాఠం పరిశోధనలోకి కూడా చేరినట్టు.